ఎర్ర కార్డు పక్కన ఇరవై నిమిషాలు

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో గుర్తున్నవాళ్ళు కింది పేరా దాటెయ్యొచ్చు. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం మాత్రం నాలుగు ముక్కలు.

ఫ్యాక్టరీ గోడకు ఇవతలున్న కాలనీ అంతా ఆమెను సైరన్ మేడమ్ అంటుంది. ప్రమాదాల శాఖలో ఆఫీసరు. అమ్మోనియా ట్యాంకు పగిలితే ఎవరు ఎటు వెళ్ళాలి, నడవలేనివాళ్ళని ఎవరు మోసుకెళ్ళాలి, ఏ కిటికీ సందులో తడిగుడ్డ కుక్కాలి అని ఇంటింటికీ తిరిగి చెప్పడం ఆమె పని. ఆమె భర్త అదే ఫ్యాక్టరీలో కెమిస్టు. ఆరేళ్ళ క్రితం, గోడకు ఆనుకుని ఉన్న కంపెనీ క్వార్టర్లలో మనుషులు ఉండకూడదని ఆమె రిపోర్టు రాసింది. ఏ ప్రమాదమూ లేదని కంపెనీ ఇచ్చిన జవాబు కింద అతను సంతకం పెట్టాడు. ఆ రెండు కాగితాలూ ఒకే వంటింటి బల్లమీద తయారయ్యాయి. ఆ వారమే ఆమె పెట్టె సర్దుకుని వచ్చేసింది. మూడోరోజు అత్తగారు సంచీ భుజాన వేసుకుని కోడలి గుమ్మంలో దిగి, "నా దగ్గుకి అక్కడి వాసన పడటం లేదమ్మాయ్, నీ దగ్గరే ఉంటా" అంది. విడాకులు లేవు. రాకపోకలూ లేవు.

ఈ ఉదయం కాలనీ మొత్తానికి మొదటి పెద్ద డ్రిల్లు. తొమ్మిది నలభైకి సైరన్ మోగింది. గాయపడినవాళ్ళ వేషానికి ఫ్యాక్టరీ ముగ్గుర్ని పంపింది. మూడో మనిషి బడి వెనక సందులో టార్పాలిన్ మీద, మొహాన తడి తువ్వాలు, మెడలో ప్రాణాపాయమని తెలిపే ఎర్ర కార్డుతో పడుకుని ఉన్నాడు. ఆమె మోకాళ్ళమీద కూర్చుని తువ్వాలు తొలగించింది. అతను.

"ముందు నాడి చూస్తారా మేడమ్, ఊపిరి చూస్తారా?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"మీరు మాట్లాడకూడదు. మీకు స్పృహ లేదు."

"స్పృహ ఉన్నవాడెవడైనా ఈ వేషానికి ఒప్పుకుంటాడా?"

లేచి వెళ్ళిపోదామనుకుంది. కానీ ఎర్ర కార్డు మనిషిని స్ట్రెచర్ వచ్చేదాకా క్షణం కూడా ఒంటరిగా వదలకూడదన్న నియమం రాసింది తనే. ఇక్కడ కాపలా ఉండాల్సిన వాలంటీరు, కాలనీలోని దర్జీ, పై వీధిలో చక్రాల కుర్చీ మురుక్కాలవలో ఇరుక్కుందని కబురొస్తే అటు పరిగెత్తాడు. చేతిలో వాకీటాకీ గరగరలాడింది. స్ట్రెచర్ వ్యాను దారిలో నీళ్ళ ట్యాంకరొకటి అడ్డంగా ఆగిపోయిందట. ఇరవై నిమిషాలు పట్టొచ్చట.

"ఇరవయ్యా?" అంది ఆమె వాకీటాకీలో.

"కొంచెం అటూ ఇటూగా మేడమ్."

చేసేదేం లేక నాడి పట్టుకుంది. అరనిమిషం లెక్కపెట్టి దాన్ని రెండింతలు చేసి కార్డు మీద వెయ్యాలి. వాలంటీర్లకు నేర్పింది ఆమే. గడియారంలో ముల్లు అరనిమిషం దాటింది, నిమిషం దాటింది. చెయ్యి వదలబుద్ధి కాలేదు. లెక్క ఎప్పుడో తప్పింది. డెబ్బై ఆరు అని ఏదో రాసేసింది.

కణతల దగ్గర జుట్టు నెరిసింది. చొక్కా రెండో గుండీ నల్లదారంతో కుట్టుకున్నాడు, తెల్ల చొక్కాకి. ముడి పైకే కనిపిస్తోంది. బట్టల్లోంచి ఘాటుగా ముక్కు పగిలే ఆ వాసన. పెళ్ళయిన కొత్తలో అతను డ్యూటీ దిగి రాగానే, "ముందు స్నానానికి పదండి, ఆ తర్వాతే మాటలు" అని తలుపు దగ్గరే నిలబెట్టేది. అప్పుడు గుమ్మం దాటనివ్వని ఆ వాసన కోసం ఇప్పుడు తెలియకుండానే ముందుకు వంగింది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

"అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయి?" అన్నాడు అతను.

"ఇవాళ ఇల్లు కదలనని మొండికేసే ముసలావిడ వేషం ఆవిడకిచ్చాం. వాలంటీర్లు పావుగంట బతిమాలారట. చివరికి స్టవ్ కట్టేశారా, పెరటి తలుపు గొళ్ళెం పడిందా అని ఇద్దరిచేతా ఒట్టు వేయించుకుని కదిలిందట."

"అది వేషం కాదుగా."

"అదే అన్నారు వాళ్ళూ."

నవ్వు వచ్చింది ఇద్దరికీ. ఆరేళ్ళ తర్వాత ఒకేసారి వచ్చింది. ఆమె చటుక్కున వాకీటాకీ వంక చూసుకుంది, అతను ఆకాశం వంక.

సందు చివర ఫైరాఫీసరు కనిపించాడు, అట్టకు క్లిప్పుతో పెట్టిన కాగితాల మీద ఏవో టిక్కులు పెట్టుకుంటూ. టార్పాలిన్ మీద అతను కళ్ళు మూసుకుని నోరు కొంచెం తెరిచి, ప్రాణం మీదికొచ్చినవాడిలా పడుకున్నాడు. ఫైరాఫీసరు దగ్గరికొచ్చి వంగి చూసి, "బాగా చేస్తున్నాడు మేడమ్ ఈయన. పోయినసారి వచ్చినవాడు మధ్యలో లేచి టీ అడిగాడు," అన్నాడు. టిక్కు పెట్టుకుని మైదానం వైపు వెళ్ళిపోయాడు.

బడి గోడకు అవతల మైదానంలోకి జనం వరసలుగా వస్తున్న చప్పుడు. వీధుల పేర్లు పిలుస్తున్న మెగాఫోను. కుక్కర్లు దించి వచ్చామని, పాలవాడు వచ్చి వెళ్ళిపోతాడని ఆడవాళ్ళ గొణుగుడు. ఎవరో చంటిపిల్ల ఏడుపు. రెండు నెలలు ఇంటింటికీ తిరిగిన కష్టం. గడప గడపకీ చెప్పిందే చెప్పి గొంతు బొంగురుపోయింది. ఇవాళ తొమ్మిదివందల పైచిలుకు మంది కదిలారు. ఆమెకు లోలోపల పొంగుగా ఉంది.

"వీళ్ళందర్నీ ఈ మైదానానికి ఎందుకు తీసుకొస్తున్నావు?" అన్నాడు అతను. గొంతులో ఇందాకటి సరదా లేదు.

"ప్లానులో అదే ఉంది. మీ ఫ్యాక్టరీ చుట్టూ కిలోమీటరు ప్రమాద వలయం. ఈ బడి కిలోమీటరున్నర దూరం."

"ఆ లెక్క ఒక ట్యాంకుకి. నిరుడు ఇంకో రెండు వచ్చాయి."

"అవి ఖాళీగా ఉన్నాయని మీ మేనేజరు రాసిచ్చాడు."

అతను మోచేతిమీద లేవబోయాడు. ఆమె భుజం మీద చెయ్యేసి మళ్ళీ పడుకోబెట్టింది. వెయ్యాల్సినదానికంటే మెల్లగా వేసింది ఆ చెయ్యి.

"నింపుతున్నారని నేను రాశాను కదా," అన్నాడు. "మూడూ నిండితే వలయం కిలోమీటరు కాదు, రెండున్నర. పొద్దున్న పూట గాలి ఫ్యాక్టరీ మీంచి నేరుగా ఇటే వీస్తుంది. అంత పెద్దది పగిలినప్పుడు చల్లటి ఆవిరి నేలబారున పాకుతూ వస్తుంది. తలుపులు వేసుకుని, సందుల్లో తడిగుడ్డలు పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే బతికేవాళ్ళని, పిలిచి బయటికి తెచ్చి, దాని దారిలో వరసలు కట్టించి నిలబెడుతున్నావు. ఇదంతా రాశాను."

గోడకు అవతల మెగాఫోను ఏదో వీధి పేరు పిలిచింది. "అందరం వచ్చేశాం!" అని ఆడవాళ్ళ గొంతులు, ఆ వెనకే చప్పట్లు.

"ఎవరికి రాశారు?" అంది ఆమె.

"నీకే. ఆఫీసుకు రాస్తే మొదట మా మేనేజరు బల్లమీదికే చేరుతుందని ఇంటికి పంపాను. రిజిస్టరు పోస్టులో. పదకొండు నెలలైంది. నువ్వు అందుకున్నట్టు సంతకం పెట్టిన రసీదు కార్డు నాకు తిరిగొచ్చింది."

అప్పుడు గుర్తొచ్చింది. గుర్తు రావడమేమిటి, మరిచిపోతే కదా. పొడుగాటి గోధుమరంగు కవరు. మీద అతని చేతిరాత. అంతకు ముందు వారమే అతను లాయరు ఆఫీసు మెట్లు దిగుతుండగా చూశానని వాళ్ళ దూరపు చుట్టమొకావిడ చెప్పి వెళ్ళింది. తెరిస్తే అయిపోతుంది. తెరవకపోతే ఇంకా భార్యే. బీరువా అడుగు అరలో దుప్పట్ల కింద తోసేసి, ఆ అర తలుపు మళ్ళీ తియ్యలేదు. చలికాలమంతా పల్చటి దుప్పటితోనే సరిపెట్టుకుంది.

"లాయరు కాగితాలనుకున్నాను," అంది.

అతను కళ్ళు పూర్తిగా తెరిచి చూశాడు.

"లాయరు దగ్గరికి నేను వెళ్ళింది, ఈ సంగతి బయటపెడితే నా మీద ఏం కేసు పెట్టగలరో కనుక్కుందామని."

ఆమెకు ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. కోపం వస్తే కొంచెం ఊపిరాడినట్టయింది కూడా. "జవాబు రాకపోతే ఇంకోసారి రాయకూడదా? ఫోను చెయ్యకూడదా? నా ఆఫీసు మెట్లెక్కి నా బల్లమీద పడెయ్యకూడదా? ఈ రెండు నెలలూ నేను ఇంటింటికీ తిరుగుతుంటే ఫ్యాక్టరీ గోడకు అటువైపు నించి చూస్తూ ఊరుకున్నారా?"

"ఊరుకున్నాను."

"ఎందుకు?"

"ఆ కవర్లో రెండు కాగితాలున్నాయి." అతను మెడలోని కార్డును వేళ్ళతో తిప్పుతున్నాడు. "మొదటిది ట్యాంకుల సంగతి. ఏ రోజు ఎంత నింపారో, కింద మా మేనేజరు సంతకంతో. రెండోది మన సంగతి. నువ్వు జవాబివ్వలేదు. రెండోదానికి అదే జవాబనుకున్నాను. ఆ సిగ్గులో మొదటిదాని గురించి కూడా నోరు మెదపలేదు. నీ గుమ్మం తొక్కి, 'కాగితం చూశావా' అంటే, 'చూశాను, వెళ్ళు' అంటావేమోనని. ఇంతమంది ప్రాణాలకంటే నా రోషమే నాకు ఎక్కువైపోయింది. పోయినవారం డ్రిల్లు నోటీసులో బడి మైదానం అని చూశాక ఇంక నిద్ర పట్టలేదు. వేషానికి ఎవరు వెళ్తారని అడిగితే నేనే చెయ్యెత్తాను. నీతో ఇరవై నిమిషాలు మాట్లాడటానికి ఇంకో దారి తోచలేదు."

ఆమె తలవంచుకుని కూర్చుంది. తప్పు సగం సగం పంచుకుంటే తేలికవుతుందేమో అని చూసింది. అవలేదు. గోడ అవతల తొమ్మిదివందల మంది ఎండలో నిలబడి ఆమె మెచ్చుకోలు కోసం చూస్తున్నారు.

"ఏమండీ," అంది. ఆ మాట తనే అన్నానని అన్నాకగానీ తెలీలేదు. "రెండోదాంట్లో ఏం రాశారు?"

సందు మొదట్లో వ్యాను ఆగిన చప్పుడు. స్ట్రెచర్ పట్టుకుని ఇద్దరు, వాళ్ళ వెనక ఫైరాఫీసరు పరిగెత్తుకొచ్చారు. అతను ఆమె వంక ఒక్కసారి చూసి కళ్ళు మూసుకున్నాడు. స్పృహ లేనివాడు జవాబెలా చెప్తాడు? ఎత్తి స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, పట్టీలు బిగించి తీసుకెళ్ళిపోయారు. టార్పాలిన్ మీద అతను పడుకున్న మేర తడి మిగిలింది.

*

పదకొండింటికి బడిలోని ఆరో తరగతి గదిలో సమీక్ష. పిల్లల బెంచీల్లో పెద్దలు మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చున్నారు. టీచరు కుర్చీలో జిల్లా పెద్దాఫీసరు. ముందు బెంచీలో ఫ్యాక్టరీ మేనేజరు, ఇస్త్రీ నలగని చొక్కా, చేతిలో మడిచిన కళ్ళజోడు. చివరి బెంచీలో, ఇంకా మెడలో కార్డు తియ్యకుండా, అతను.

"ముప్ఫై ఒక్క నిమిషాల్లో కాలనీ ఖాళీ," అని ఫైరాఫీసరు చదివాడు. "నీళ్ళ ట్యాంకరు తప్పిస్తే అంతా బాగుంది."

మేనేజరు నవ్వుతూ చేతులు జోడించాడు. "మా సైరన్ మేడమ్ పట్టుపడితే అంతే సార్. ఇంత చక్కటి డ్రిల్లు నా సర్వీసులో చూడలేదు."

ఆమె లేచింది. నిన్న రాత్రి రాసిపెట్టుకున్న ధన్యవాదాల కాగితం చేతిలో ఉంది. దాన్ని బల్లమీద బోర్లించింది.

"ఈ డ్రిల్లు తప్పు సార్," అంది. "ఈ మైదానం ప్రమాద వలయం లోపలుంది. నిజంగా ట్యాంకు పగిలిన రోజు ఇవాళ చేసినట్టే చేస్తే, ఇక్కడికొచ్చినవాళ్ళలో చాలామంది ఇంటికి తిరిగి వెళ్ళరు. కొత్త ట్యాంకులు రెండూ నింపి ఉన్నాయి. ఆ సంగతి చెప్పే కాగితం నాకు పదకొండు నెలల క్రితమే ఇంటికి వచ్చింది. నేను కవరు తెరవలేదు. అది నా తప్పు. దానికి మీరు ఏ చర్య తీసుకున్నా సరే. కానీ ప్లాను మాత్రం ఇవాళే మారాలి."

పెద్దాఫీసరు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు. "తెరవలేదా? ఎందుకు తెరవలేదు?"

"సొంత విషయమనుకున్నానండీ."

వెనక బెంచీలో ఎవరో దగ్గారు. ఆమె చెవులు వేడెక్కాయి. అయినా కూర్చోలేదు.

మేనేజరు నవ్వు చెక్కుచెదరలేదు. "మేడమ్ అలిసిపోయినట్టున్నారు. ఆ ట్యాంకులు ఖాళీవి సార్. మా రికార్డంతా అదే చెప్తుంది. అలాంటి కాగితమేదైనా ఉంటే చూపించమనండి, నేనే చదువుతాను."

"ఖాళీ కాదు." అతను లేచాడు. బెంచీకి మోకాలు తగిలి చప్పుడైంది. "వాటి మట్టం రోజూ కొలిచేది నేను. కాగితం పంపిందీ నేనే. దానిమీద మీ సంతకం ఉంది సార్."

ఆరేళ్ళ క్రితం ఆ వంటింట్లో ఈ ఒక్కమాట కోసమే ఆమె ఎంతగా ఎదురుచూసింది! అప్పుడు రాని మాట ఇప్పుడు, ఇంతమంది మధ్య, మెడలో అట్టముక్క వేలాడుతుండగా వచ్చింది. అతని వంక చూడలేకపోయింది. చూస్తే ఏడుపు ఆగదని తెలుసు.

మేనేజరు మెల్లగా వెనక్కి తిరిగి అతన్ని చూశాడు. ఆశ్చర్యపోలేదు. కోప్పడలేదు కూడా. "సరే, సంతకమే ఉంటే మంచిదే. తెప్పించండి," అన్నాడు పెద్దాఫీసరుతో.

"గంటలో తేగలరా?" అన్నాడు పెద్దాఫీసరు ఆమెతో.

"అరగంట చాలు."

ఆమె జీపెక్కుతుంటే అతను వసారాలోకి వచ్చాడు. ఏదో అనబోయి, "నేనిక్కడే ఉంటాను. నువ్వు వెళ్ళిరా," అని మాత్రం అన్నాడు. వెళ్ళిరా. ఎంత మామూలు మాట! ఒకప్పుడు ఉద్యోగానికి బయల్దేరే ప్రతిపొద్దునా విన్నదే. జీపు మలుపు తిరిగేదాకా వెనక్కి చూస్తూనే ఉంది.

*

అత్తగారు ముందుగదిలో కాళ్ళు చాపుకుని మోకాళ్ళకు మందు రాసుకుంటోంది. "వచ్చావా అమ్మాయ్! నన్ను మోసుకెళ్ళమని ఎవరికిచ్చావు? గాలికి ఎగిరిపోయేట్టున్నారు ఇద్దరూ. చివరికి వాళ్ళనే నేను చెయ్యి పట్టుకుని నడిపించా. ఆ దర్జీ అయితే..."

ఆమె ఆగకుండా పడగ్గదిలోకి వెళ్ళింది. బీరువా అడుగు అర తలుపు బిగుసుకుపోయింది. రెండు చేతులా లాగితే కిర్రుమని వచ్చింది. దుప్పట్లు ఒకటొకటే నేలమీద పడేసింది. అట్టడుగున కవరు. అదే చేతిరాత. కొంచెం పక్కకు వాలినట్టుండే అక్షరాలు.

మొదటి కాగితం కోసం కాలనీ అంతా ఎదురుచూస్తోంది. ఆమె మనసు మాత్రం రెండోదానికోసమే కొట్టుకులాడుతోంది. సిగ్గేసింది. అయినా కొట్టుకులాడుతూనే ఉంది.

కవరు వెనక్కి తిప్పింది. మూత అంచున జిగురు రెండుసార్లు పూసినట్టు పసుపుపచ్చగా ఎండిపోయింది. ఎవరో ఒకసారి విప్పి మళ్ళీ అంటించారు. చించింది. లోపల నాలుగు మడతల కాగితం ఒక్కటే ఉంది. కవరు బోర్లించి దులిపింది. ఇంకేం లేదు.

వెనక మందు వాసన. తలుపు దగ్గర అత్తగారు, గోడ పట్టుకుని.

"ఇప్పుడు తెరిచావా తల్లీ దాన్ని," అంది. గొంతులో ఇందాకటి దూకుడు ఏమీ లేదు. "నువ్వు దాచిన మూడోరోజే నా కంట పడింది. వాడి రాత కదా, ఉండబట్టలేకపోయాను. పెద్ద కాగితం మీద ట్యాంకులు, టన్నులు, సంతకాలు. నువ్వు గానీ అది ఆఫీసులో పెట్టావంటే వాడి ఉద్యోగం పోతుంది, జైల్లో వేస్తారేమో అని భయమేసింది. ఆ రెండోది మాత్రం విప్పలేదమ్మా. పైన నీ పేరుంది. అది నీది. అందుకే మళ్ళీ అంటించి పెట్టాను, ఎప్పటికైనా చూస్తావని."

"ఆ పెద్ద కాగితం ఏది అత్తయ్యా?"

అత్తగారు మంచం అంచున కూలబడింది.

"మేనేజరుకిచ్చాను. ఇంటికెళ్ళి చేతులు పట్టుకున్నాను. మీరే సర్దుబాటు చెయ్యండి బాబూ, మావాడి మీద కోపం పెట్టుకోకండి అన్నాను. 'మీవాడు నాకు తమ్ముడులాంటివాడు, నేను చూసుకుంటానమ్మా, మీరు నిశ్చింతగా ఉండండి' అన్నాడు. కాఫీ కూడా ఇప్పించాడు. మంచివాడనుకున్నానే!"

తెప్పించండి అన్నప్పటి ఆ నిదానమైన మొహం ఆమె కళ్ళముందు మెదిలింది. పదకొండు నెలలుగా మేనేజరుకి అన్నీ తెలుసు. కాగితం ఎవరు పంపారో తెలుసు. తను వట్టిచేతులతో తిరిగొస్తుందనీ తెలుసు.

అత్తగారు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు కోప్పడటానికి ఓపిక లేదు. హక్కూ లేదనిపించింది. ఇద్దరూ భయపడే దాచారు, ఆ ఒక్క మనిషి కోసమే. ఆవిడ పక్కన కూర్చుని, మడతలు విప్పింది.

నాలుగు పంక్తులే ఉన్నాయి.

"ఆ రోజు నేను పెట్టిన సంతకం తప్పు. చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది. ఈ గోడ పక్కన ఒక్కణ్ణే ఇంక ఉండలేను. నువ్వు రమ్మంటే ఉద్యోగం వదిలేసి వచ్చేస్తాను, ఒక్కమాట చాలు. జవాబు రాకపోతే రావద్దన్నావనుకుంటాను, మళ్ళీ అడిగి నిన్ను ఇబ్బంది పెట్టను."

రెండోసారి చదువుతుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. అతను రోజూ పోస్టుమాను వచ్చే వేళకి ఆ క్వార్టరు గేటు దగ్గర నిలబడి ఉంటాడు. ఎన్ని రోజులు నిలబడ్డాడో! తనిక్కడ అదే కవరు పెట్టిన బీరువాకి వీపు ఆన్చి, అతనెప్పుడైనా వస్తాడా అని వీధి చప్పుళ్ళు వింటూ కూర్చునేది. మధ్యలో ఉన్నది ఒక్క జిగురు అంచు.

ఫోను మోగింది. ఫైరాఫీసరు.

"మేడమ్, కాగితం దొరికిందా? లేకపోయినా ఫర్వాలేదంటున్నారు. ట్యాంకులు ఖాళీయో కాదో సాంపిలు తీస్తే తేలిపోతుంది కదా అని మేనేజరు గారే అన్నారు. ఆ కెమిస్టు గారూ సరేనన్నారు. ఇద్దరూ ఆయన కారులో ఫ్యాక్టరీకి వెళ్ళారు."

"ఎంతసేపైంది?"

"మీరు బయల్దేరిన ఐదు నిమిషాలకే. మావాణ్ణి తోడు పంపుతానన్నాను. లోపలికి పాసు లేదన్నారు."

ఆమె ఫోను పెట్టేసింది. ఆరేళ్ళుగా నొక్కని నెంబరు. ఎక్కడా రాసి పెట్టుకోలేదు, వేళ్ళకు మాత్రం గుర్తుంది. ఒక రింగు. రెండు. మూడు. ఎత్తారు. అవతల గాలి హోరు, ఇనుప మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడు.

"ఎక్కడున్నారు? ఆ కాగితం మీ మేనేజరు దగ్గరే ఉంది. మీరు ముందు అక్కణ్ణించి బయటికి రండి. నేను రమ్మంటున్నాను, వింటున్నారా, రమ్మంటున్నాను!"

అవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"చెప్పండి మేడమ్," అన్నాడు మేనేజరు, అదే నిదానమైన గొంతుతో. "ట్యాంకు పైకి ఫోను తీసుకెళ్ళనివ్వం కదా. నా చేతికిచ్చి పైకెక్కాడు."